నోరు తెరిస్తేనే ఉలి

ఇల్లు కట్టినవాణ్ణి జనం పేరు పెట్టి తలుచుకుంటారు. కూల్చినవాణ్ణి ఎవరూ తలుచుకోరు. వాడు లేపిన దుమ్మును మాత్రం నాలుగు రోజులు తిట్టుకుంటారు. సమ్మెట బతుకంతా ఆ తిట్లు తిన్న మనిషి. మూతబడ్డ మిల్లులు, పాత సినిమాహాళ్లు, నెర్రెలు విచ్చిన గోదాములు, ఏది కూల్చాలన్నా ముందు ఆయన ముఠాకే కబురు వచ్చేది. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. పెళ్లినాడు విన్నానని భార్య అనేది గానీ, అదేమిటో చెప్పమంటే "సమ్మెటే, ఇంకేం పేరు" అని నవ్వేసేది.

ఆ భార్యే కొలిమక్క. కూల్చే చోటల్లా ఒక మూల రేకు వేసుకుని, దాని కింద కొలిమి పెట్టుకుని కూర్చునేది. పొద్దున్నించీ కాంక్రీటు మీద పోట్లు పడితే సాయంత్రానికి ఉలి మొన మొద్దుబారి బొటనవేలంత అవుతుంది. దాన్ని ఎర్రగా కాల్చి, దాగలి మీద సాగగొట్టి, నీళ్లలో ముంచి మళ్లీ మొన తేవడం ఆవిడ పని. ముంచేటప్పుడు తొందరపడితే మొన పెళుసై విరుగుతుంది, ఆలస్యం చేస్తే మెత్తబడి వంగుతుంది. ఆవిడ చేతి ఉలి విరిగిందని గానీ వంగిందని గానీ ముఠాలో ఎవరూ అనలేదు. అనాలనిపించినా, ఆవిడ చేతిలో ఎప్పుడూ పట్టకారు ఉండేది.

మొగుడూ పెళ్లాలిద్దరూ కోపిష్టులే. వాళ్లింట్లో సొట్ట లేని గిన్నె లేదు. "మీ ఇంట్లో గిన్నెలన్నీ యుద్ధం నుంచి తిరిగొచ్చినట్టుంటాయక్కా" అని ఆటపట్టించేవాడు ఆవిడ తమ్ముడు చువ్వ. శ్లాబు పగిలాక లోపలి ఇనుప చువ్వలు లాగి వేరుచేసే పని వాడిది. మనిషీ అంతే సన్నం. వాడి నోట్లో నువ్వుగింజ నానదని పేరు. పొద్దున ముఠాలో ఎవరింట్లో ఏం గొడవైందో మధ్యాహ్నానికి అందరికీ తెలిసేది వాడివల్లే.

ముఠాకు ఒక్కటే చట్టం. గోడలో పగులు ఎవడి కంట పడితే వాడు "పగులూ!" అని అరవాలి. ఆ కేక వినపడ్డాక చేతిలో ఏమున్నా పారేసి అందరూ బయటికి పరుగెత్తాలి. ప్రతివాడూ వచ్చి ఆ పగులు తన కళ్లతో చూసి సరే అన్నాకే మళ్లీ సుత్తి ఎత్తాలి. చూసి దాచినవాడికి ముఠాలో ప్రతి ఒక్కరి చేతా తలా ఒక చెంపదెబ్బ. ఎదురు చెప్పకూడదు, తల తిప్పకూడదు.

ఈ చట్టం పెట్టింది సమ్మెటే. పూర్వం ఒకడు, పని ఆగితే పెందలాడే ఇల్లు చేరలేనని, కనపడ్డ పగులును చూడనట్టు ఊరుకున్నాడు. ఆ గోడ కింద సమ్మెట సొంత తమ్ముడు పడ్డాడు. ఇటుకలు తీస్తే మనిషి దొరికాడు గానీ ముఖం దొరకలేదు. ఆ దాచినవాణ్ణి సమ్మెట ఒక్కడే పట్టుకుని పక్కటెముకలు విరిగేదాకా కొట్టాడు. జనం మీదపడి లాగితే గానీ వదల్లేదు. తరవాత కొన్నాళ్లకు ముఠాను కూర్చోబెట్టి చెప్పాడు: "ఒక్కడు కొడితే మనిషి చస్తాడు. అందరూ తలా ఒకటి కొడితే బుద్ధొస్తుంది. ఇకనించి అంతే."

చట్టం ఒకటే గానీ నమ్మకాలు చాలా ఉండేవి. వాటిలో పెద్దది పొగాకు. దవడన ఇంత పొగాకు ముద్ద పెట్టుకుంటే దుమ్ము గొంతులోకి దిగదని కూల్చేవాళ్లందరి నమ్మకం. సమ్మెటకు ఎడమ దవడన అది లేని పూట కొలిమక్క చూడలేదు. రెండోది, పాత సున్నపు గోడ కూల్చాక దుమ్ముకు నోరు పూయడం మామూలేనని. అందరికీ పూసేది. నోట్లో పుండు లేనివాడు పని ఎగ్గొట్టినవాడని నవ్వుకునేవారు. అందుకే ఆ ముఠాలో ఎవరి నోట్లో పుండు ఉన్నా ఎవరూ తలెత్తి చూసేవారు కాదు.

*

ఒక ఏడాది నూలుమిల్లు పడగొడుతున్నారు. మెట్ల పక్క గోడలో పగులు చూసి బండోడు ఊరుకున్నాడు. బండోడు కొత్తగా చేరినవాడు, ఎద్దులాంటి ఒళ్లు. ఇంకో నాలుగు పోట్లు వేస్తే ఆ వైపు అయిపోతుందని ఆశపడ్డాడు. మూడో పోటుకు గోడ గుల్లలా విచ్చుకుని కూలింది. కింద చువ్వలు ఏరుతున్న చువ్వ ఒక్క దూకు దూకి తప్పించుకున్నాడు గానీ, చెవి చిరిగి మెడ మీదకు వేలాడింది.

దుమ్ము అణగకముందే సమ్మెట బండోడి చొక్కా పట్టుకుని మెట్ల మీంచి కిందికి ఈడ్చుకొచ్చాడు.

"చూశావా లేదా?"

"చూశాను మేస్త్రీ. చిన్నదే అనుకున్నా."

"చిన్నదో పెద్దదో తేల్చడానికి నువ్వెవడివిరా? నిన్ను తేల్చమన్నానా, అరవమన్నానా?"

ముఠా వరసగా నిలబడింది. ఒకడి తరవాత ఒకడు వచ్చి బండోడి చెంప మీద కొట్టారు. చువ్వ ఒక చేత్తో చెవి పట్టుకుని రెండో చేత్తో కొట్టాడు. కొలిమక్క లేచి వచ్చి, మసి అంటిన చేత్తో కొట్టి, వెళ్లి కొలిమితిత్తి ముందు కూర్చుంది. చివర సమ్మెట కొట్టాడు. ఎద్దులాంటి మనిషి మోకాళ్ల మీద పడ్డాడు. పెదవి చిట్లి రక్తం గడ్డం మీదికి కారింది.

"లే. పోయి నీళ్లు తాగు. రేపు పనికి రా" అన్నాడు సమ్మెట. అని, పక్కకు తిరిగి ఉమ్మాడు.

కొలిమక్క చూసింది. బూడిదరంగు దుమ్ము మీద ఆ ఉమ్ము ఎర్రగా పడింది. దెబ్బలు తిన్నది బండోడు. ఈయన్ను ఎవరూ కొట్టలేదు. మరి ఈ రక్తం ఎక్కడిది?

"ఏమయ్యా, నోట్లో ఏమైంది?"

"పన్ను కదులుతోంది."

ఆవిడ తమ్ముడి వైపు చూసింది. చువ్వ చటుక్కున ముఖం తిప్పుకుని చెవికి గుడ్డ చుట్టుకోసాగాడు. నోట్లో నువ్వుగింజ నానని తమ్ముడు ముఖం తిప్పుకోవడం ఆవిడ పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి.

*

ఆ సాయంత్రం ఆయన ముందు కంచం పెట్టి ఎదురుగా కూర్చుంది. అన్నం మెత్తగా పిసికి, రెండు వేళ్లతో, పిట్టకు పెట్టినట్టు పెదవుల సందున తోసుకుంటున్నాడు. ఒకప్పుడు ఈ మనిషి ముద్ద కోడిగుడ్డంత ఉండేది. ఎన్నాళ్లనుంచి ఇలా తింటున్నాడో తనకు తెలియకపోవడమే ఆవిడకు మొదట కోపం తెప్పించింది. కలిసి తినక ఎన్నాళ్లైంది? ఈయన గోడవైపు తిరిగి తినడం మొదలుపెట్టి ఎన్నాళ్లైంది?

"నోరు తెరువు."

"తిననీ."

"నోరు తెరవమంటుంటే!"

కంచం ఎగిరి గోడకు తగిలింది. "నా నోరు నా ఇష్టం" అని లేచాడు. ఆవిడ ఆయన గడ్డం పట్టుకుంది. ఆయన విదిలించాడు. గోడలు తోసే చెయ్యి మరి. ఆవిడ వెళ్లి మూలనున్న ఉలుల పెట్టె మీద పడింది. నుదురు చిట్లింది.

సమ్మెట బిగుసుకుపోయాడు. గిన్నెలు ఎన్ని సొట్టపోయినా వాళ్లిద్దరి మధ్యా చెయ్యి ఎప్పుడూ లేవలేదు. "అయ్యో, ఏయ్, కావాలని కాదే..." అంటూ వంగాడు. ఆవిడ చేతికి అందిన పట్టకారుతో ఆయన మోకాలి కింద ఒక్కటి వేసింది. దెబ్బకు దెయ్యం వదులుతుందంటారు. అంత మనిషీ కుప్పలా నేల మీద కూర్చున్నాడు.

"ఇప్పుడు తెరువు."

తెరిచాడు. తెరిచానని ఆయన అనుకున్నాడు. పళ్ల మధ్య రెండు వేళ్లు పట్టలేదు. ఆవిడ టార్చి వేసి చూసింది. ఎడమ దవడ లోపల, చెమ్మెక్కిన గోడ మీద పూత రాలినట్టుంది. అంచులు తెల్లగా, గట్టిగా ఉన్నాయి. మధ్యలో ఎర్రగా, పచ్చిగా గుంట పడింది. నుదుటి మీది రక్తం ఆవిడ కంట్లోకి దిగుతున్నా తుడుచుకోలేదు.

"ఎన్నాళ్లనుంచి?"

"దుమ్ము పుండేనే. నొప్పి కూడా లేదు మొన్నటిదాకా. చిన్నదే అనుకున్నా."

ఆ మాట విన్నాక కొలిమక్క లేచింది. వాకిట్లోకి వెళ్లి, వీధి మధ్యలో నిలబడి, గుండెల్లో ఉన్న గాలంతా పెట్టి అరిచింది.

"పగులూ!"

ముఠా అంతా ఆ వీధిలోనే కాపురం. ఒకడు కంచం ముందునుంచి ఎంగిలి చేత్తో, ఒకడు సబ్బు నురగతో, ఒకడు నిద్రపోతున్న పిల్లను భుజాన వేసుకుని బయటికి పరుగెత్తుకొచ్చారు. అందరూ తలెత్తి ఇళ్ల కప్పులకేసి చూస్తున్నారు. బండోడు ఉబ్బిన చెంపతోనే వచ్చి ముసలమ్మలను పక్కకు లాగుతున్నాడు.

"ఎక్కడక్కా? ఏ గోడ?"

"గోడ కాదు. మీ మేస్త్రీ నోరు."

ఒకడు నవ్వబోయాడు. ఆవిడ ముఖం చూసి ఆ నవ్వు మింగేశాడు.

"కేక వేశాను. ప్రతివాడూ వచ్చి కళ్లతో చూడాలి. చట్టం మీదే."

సమ్మెట గడప దగ్గర బూతులు తిడుతూ నిలబడ్డాడు. "సిగ్గులేదే? మొగుడి నోరు వీధిలో పెడతావా?" అన్నాడు. కానీ చట్టం ఆయన పెట్టిందే. ఆ కేకను కాదంటే రేపు గోడ కింద ఎవడు ఆ కేకను నమ్ముతాడు? చివరికి అరుగు మీద కూర్చుని తల వెనక్కు వాల్చాడు. ఒక్కొక్కరే వచ్చి టార్చి వేసి చూశారు. చూసినవాళ్లెవరూ సరే అనలేదు.

చివర చువ్వ వచ్చాడు. టార్చి తీసుకోలేదు.

"నేను చూశానక్కా. వేసవిలోనే. బావ తింటూ తింటూ నవ్వితే లోపల తెల్లగా కనిపించింది. మీ అక్కకు చెప్పావంటే పళ్లు రాలగొడతానన్నాడు." అని, చెంప ముందుకు చాపి నిలబడ్డాడు. "దాచాను. కొట్టండి."

సమ్మెట చెయ్యి లేచింది, ఆగింది. "ముందు దాచింది నేనురా. నన్ను కొట్టాక వాణ్ణి కొట్టండి" అన్నాడు.

మేస్త్రీని కొట్టడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. ఆ దెబ్బలు అలాగే బాకీ ఉండిపోయాయి.

*

ఆసుపత్రిలో డాక్టరమ్మ చిన్న మనిషి. సమ్మెట మోచేతి దాకా వచ్చేది. ముక్క తీసి పరీక్షకు పంపి, ఫలితం వచ్చాక ఇద్దరినీ కూర్చోబెట్టి దాచకుండా చెప్పింది. కాన్సర్. దవడ ఎముకలోకి దిగింది. ఎడమవైపు దవడ తీసేయాలి. రొమ్ము మీంచి కండ తెచ్చి చెంపకు వేయాలి. తరవాత కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించుకోవాలి.

"దుమ్ము పుండే అనుకున్నామమ్మా" అంది కొలిమక్క. "మావాళ్లందరికీ ఉంటుంది."

"దుమ్ము పుండైతే రెండు వారాల్లో మానుతుంది. మానని పుండు ఏదైనా సరే, నొప్పి ఉన్నా లేకపోయినా, వచ్చి చూపించుకోవాలి. నొప్పి లేదనేగా మీరు ఊరుకున్నది? ఇది మొదట్లో నొప్పెట్టదు. అదే దీని దొంగతనం. తెల్ల మచ్చగా ఉన్నప్పుడే వచ్చి ఉంటే ఇంత కోత ఉండేది కాదు. ఇంకోటి, ఆ పొగాకు. అది దుమ్మును ఆపలేదు. ఈ పుండును పెంచింది."

సమ్మెట అదంతా వినలేదు. ఆయన ఒక్కటే అడిగాడు. "సగం దవడ లేకపోతే నేను అరవగలనా?"

డాక్టరమ్మ అర్థం కాక కొలిమక్క వైపు చూసింది.

అప్పటికే కబురు ఊరంతా పాకింది. మర్నాడు సైటు దగ్గర టీకొట్టువాడు అందరికీ గాజుగ్లాసుల్లో పోసి, సమ్మెటకు మాత్రం అంచు విరిగిన పింగాణీ కప్పులో ఇచ్చాడు. సమ్మెట ఒక గుక్క తాగి, ఆ కప్పునే చూస్తూ నిలబడ్డాడు. గోడల కింద నిలబడి వెరవని మనిషి ఆ కప్పు ముందు తల దించుకోవడం కొలిమక్క కొలిమి దగ్గర్నుంచి చూసింది.

పట్టకారుతోనే వచ్చింది. "ఏమయ్యా, మా ఆయనకు వేరే కప్పేంటి?"

"కోప్పడకక్కా. నలుగురూ తాగే గ్లాసులు. అంటుకుంటుందేమోనని వాళ్లూ వీళ్లూ అడుగుతున్నారు."

"ఏది అంటుకుంటుంది? ఇన్నేళ్లు ఆయన ఎంగిలి గ్లాసు కడిగావే, ఆయన బలం నీకు అంటుకుందా? ఆయన పక్కన పడుకునేదాన్ని నేను, నాకు అంటుకుందా? అంటుకునే జబ్బు కాదని డాక్టరమ్మ నా ముఖం మీద చెప్పింది. ఇంకా అనుమానమైతే పోయి అడిగిరా!"

మొగుడి చేతిలోని కప్పు లాక్కుని, ఆయన తాగి మిగిల్చింది గటగటా తాగేసింది. కప్పును బండకేసి కొట్టింది. తరవాత పట్టకారు ఒక్కసారి అడ్డంగా తిప్పింది. బల్ల మీది గాజుగ్లాసులన్నీ ఒక్క ఊపున నేలపాలయ్యాయి. టీకొట్టువాడు స్టవ్వు వెనక్కు నక్కాడు. "ఇప్పుడు అందరికీ అలాంటి కప్పులే తెప్పించు. అందరూ ఒక్కలాగే తాగుతారు" అని వెళ్లిపోయింది. వారం తిరక్కముందే ఆ కొట్లో నిజంగానే పింగాణీ కప్పులు వచ్చాయి. సమ్మెటకు తెలియకుండా ముఠా తలా కొంచెం వేసుకుని కొన్నవి.

*

కోత అయ్యాక అద్దం చూపించవద్దని నర్సులకు డాక్టరమ్మ చెప్పింది. అయినా ఆయన గోడ పట్టుకుని చేతులు కడుక్కునే చోటికి నడిచాడు. అక్కడ అద్దం ఉంది. ముఖం ఒక పక్కకు కుంగిపోయి, రొమ్ము కండ చెంపకు అతికి, కుట్లతో నల్లగా ఉంది. పిడికిలి బిగించి ఒక్కటే పోటు వేశాడు. అద్దం ముక్కలై రాలింది. మందుల ట్రే, నీళ్ల కూజా, గోడ గడియారం, చేతికందినదల్లా పగిలింది. పక్క మంచాలవాళ్లు కేకలు పెట్టారు. ముక్కులోకి వేసిన పాల గొట్టం పెరికి పారేశాడు. రక్తం పరుపు మీదికి కారింది.

డాక్టరమ్మ వచ్చి గుమ్మంలో నిలబడి అంతా చూసింది. చీపురు తెప్పించి ఆయన చేతిలో పెట్టింది.

"పగలగొట్టడం మీ వృత్తి అన్నారు. మరి పడిన రద్దు, ఈ ముక్కలన్నీ, ఎవరెత్తుతారు?"

కొలిమక్క బిక్కచచ్చిపోయింది, ఆ చీపురు ఇప్పుడు డాక్టరమ్మ మీదికే లేస్తుందేమోనని. సమ్మెట వంగి గాజుముక్కలు ఊడ్చాడు. మూలలు కూడా వదలకుండా ఊడ్చాడు. గొట్టం మళ్లీ వేయించుకోవడానికి తనే వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

ఇంటికి వచ్చాక గొట్టంలో పాలు పోసే పని చువ్వ తీసుకున్నాడు. ఎవరూ చెప్పలేదు. సిరంజి ఎత్తి పట్టుకుని సన్నటి ధారగా పోస్తూ వీధి కబుర్లన్నీ చెప్పేవాడు. బావకు నవ్వొస్తే నొప్పి, నొప్పొస్తే కోపం. కోపమొస్తే కాలితో తన్నేవాడు. చువ్వ తన్ను తిని, పాలు ఒలక్కుండా మళ్లీ పట్టుకునేవాడు. కరెంటు పెట్టించుకునే రోజుల్లో ముఠా వంతులు వేసుకుని ఆయన్ను తీసుకెళ్లింది. బండోడి వంతు వచ్చినప్పుడు ఆటో దొరక్కపోతే వీపు మీద వేసుకుని పోయాడు.

"నువ్వు కొట్టిన దెబ్బకు నా పన్ను ఇప్పటికీ సలుపుతోంది మేస్త్రీ" అన్నాడట దారిలో. సమ్మెట వాడి తల మీద మెత్తగా ఒకటి మొట్టాడట.

సమ్మెట మళ్లీ పనికి వచ్చాడు. మాట ముద్దగా వచ్చేది, కేక రాలేదు. కొలిమి పక్కనే కూర్చుని ఒక ఇనుప పలక, సుత్తి పెట్టుకున్నాడు. పగులు కనిపిస్తే పలక మీద దడదడా కొట్టేవాడు. ఆ మోతకు చెవులు గింగుర్లెత్తేవి. కేక కన్నా ఇదే నయం అని ముఠా అంటే, వచ్చిన సగం నవ్వుతోనే తిట్టేవాడు.

ఏడాది తిరిగేసరికి మెడలో కాయలాంటి గడ్డ తేలింది. ఈసారి డాక్టరమ్మ కోత మాట ఎత్తలేదు. అందులోనే కొలిమక్కకు అంతా అర్థమైంది.

చెంప లోపలినుంచి పుండు బయటికి తొలిచింది. ఆయన ముఖానికి తువ్వాలు చుట్టుకునే సైటుకు వచ్చేవాడు. ఒకరోజు మధ్యాహ్నం బండోడు మెట్ల మీద కూర్చుని దవడన పొగాకు పెట్టుకున్నాడు. సమ్మెట లేచాడు. ఆ ఒంట్లో అంత సత్తువ ఇంకా ఎక్కడ దాగుందో, వెళ్లి వాడి మూతి మీద వెనకచేత్తో కొట్టాడు. పొగాకు ముద్ద రక్తంతో కలిసి మెట్టు మీద పడింది. ముఠా లేచి నిలబడింది. అప్పుడు తువ్వాలు విప్పాడు.

చెంపకు చిల్లి పడింది. ఆ చిల్లిలోంచి పై పళ్లు కనిపిస్తున్నాయి. వాసనకు ఒకడు పక్కకు తిరిగి వాంతి చేసుకున్నాడు. సమ్మెట బండోడి జుట్టు పట్టుకుని వాడి ముఖం తన ముఖానికి దగ్గరగా లాగాడు. చూడమని. కళ్లు మూసుకుంటే వదల్లేదు. వాడు చూశాడు. ఎద్దులాంటి మనిషి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "మానేస్తా మేస్త్రీ, మానేస్తా, వదులు" అన్నాడు. సమ్మెట వాడి జుట్టు వదిలి, ఒక్కొక్కరి దగ్గరకూ వెళ్లి చూపించాడు, గోడలో పగులు చూపించినట్టే.

చువ్వ దగ్గరికి వచ్చేసరికి వాడు రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. ఆ రోజు వాడొక్కడే చూడలేదు.

మర్నాడు పొద్దున కొలిమక్క ఉలులన్నీ తన ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "నోరు తెరిస్తేనే ఉలి" అంది. వరసగా నిలబడ్డారు. టార్చి వేసి, దవడల లోపల, నాలుక కింద చూసి, ఉలి చేతిలో పెట్టేది. నవ్వినవాడికి పట్టకారు చూపించేది. సమ్మెట పక్కనే కూర్చుని, ఒక్కొక్కరు నోరు తెరిచినప్పుడల్లా తలాడించాడు.

ఆ వర్షాకాలం వెళ్లకముందే ఆయన పోయాడు. చివరి రోజుల్లో మెడ దగ్గర రక్తం చిమ్మినప్పుడు కొలిమక్క తన చేత్తో అదిమి పట్టుకుని కూర్చుంది. ఇనుము కాల్చి కాల్చి మొద్దుబారిన ఆ చేతికి ఆయన నాడి ఆగడం కూడా తెలియలేదు. చువ్వే "అక్కా, ఇక చాలు" అని వేళ్లు విప్పాడు.

*

ఆవిడ పని మానలేదు. పాత సినిమాహాలు ఒకటి కూలుస్తున్నారు. నోరు తెరిస్తేనే ఉలి. కొత్తగా వచ్చినవాళ్లు "ఇదేం ముఠారా, పనికొచ్చామా, పళ్ల డాక్టరు దగ్గరికొచ్చామా" అని గొణిగేవారు. బండోడు వాళ్ల మెడ పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టేవాడు.

చువ్వ మాత్రం వరసలో కనిపించడం మానేశాడు. అడిగితే "నా ఉలి పదునుగానే ఉందక్కా, నాకేం పని" అనేవాడు. కబుర్లు కూడా తగ్గాయి. బావ పోయిన బాధే అనుకుంది.

ఒక మధ్యాహ్నం వాడు శ్లాబు ముక్కను ఉలితో కొడుతూ ఇనుప చువ్వ లాగుతుంటే ఆవిడకు చప్పుడు తేడాగా వినిపించింది. పదునున్న ఉలి కాంక్రీటును కొరుకుతుంది. ఇది ఊరికే మొత్తుతోంది. లేచి వెళ్లి వాడి చేతిలోంచి ఉలి లాక్కుంది. మొన బొటనవేలంత మొద్దుగా ఉంది. ఎన్నో వారాలుగా అది కొలిమి ముఖం చూడలేదు. ఆ మొద్దు ఉలితో, చేతులు బొబ్బలెక్కుతున్నా, వాడు పని చేస్తూనే ఉన్నాడు.

"నోరు తెరువు."

"ఏం లేదక్కా."

"తెరువు."

"దుమ్ము పుండు. పో నీ పని చూసుకో." వాడు ఆవిడను తోసుకుని పోబోయాడు.

ఆవిడ చెయ్యి లేచింది. కొలిమి దగ్గర ఏళ్ల తరబడి సుత్తి ఎత్తిన చెయ్యి. వాడి చెంప మీద పడిన దెబ్బకు పైనున్నవాళ్లు సైతం పని ఆపి కిందికి చూశారు. చువ్వ రద్దు కుప్ప మీద వెల్లకిలా పడ్డాడు. చిరిగి అతికిన చెవి మళ్లీ ఎర్రబడింది.

"ఇది మీ బావ బాకీ" అంది. మళ్లీ కొట్టింది. "ఇది నాది. ఆయన్ను దాచావు. ఇప్పుడు నిన్ను దాస్తావట్రా? ఇంకెంతమందికి గొట్టంలో పాలు పొయ్యాలిరా మనం?"

వాడు ఏడ్చాడు. ఏడుపుకు నోరు తెరుచుకుంది. ఆవిడ వాడి రొమ్ము మీద మోకాలు పెట్టి, రెండు వేళ్లు పళ్ల మధ్య దూర్చి, టార్చి వేసింది.

"బావలాగే అవుతానక్కా. ఆ ముఖం నాకొద్దు. చూపించుకుంటే కోస్తారు, నేను రాను" అంటున్నాడు వేళ్ల సందునుంచి.

దవడ లోపల గోరంత తెల్లమచ్చ. పుండు పడలేదు. గుంట లేదు. ఆవిడ దాన్ని చూస్తూ ఉండిపోయింది. తండ్రి పోయాక తను ఎత్తుకుని పెంచిన తమ్ముడు. ఇంతే కదా. చిన్నదే కదా. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఇది దుమ్మువల్లేనేమో, నాలుగు రోజులు చూద్దాం, పిచ్చివాడు భయపడిపోతున్నాడు.

కొలిమక్క ఆ మాటను పళ్ల మధ్య కొరికి పట్టుకుంది. తలెత్తింది.

"పగులూ!"

పైఅంతస్తు నుంచి సుత్తులు ఒకదాని వెంట ఒకటి కింద పడ్డాయి. గునపాలు గచ్చు మీద దొర్లాయి. మనుషులు మెట్ల మీంచి దూకుతూ వచ్చారు. ఎక్కడక్కా అని ఎవరూ అడగలేదు. రద్దు కుప్ప మీద చువ్వ, వాడి మీద మోకాలు పెట్టిన అక్క, ఆవిడ చేతిలో టార్చి కనిపించాయి. వచ్చి వరసలో నిలబడ్డారు. ఒక్కొక్కరే వంగి చూశారు. ఎవరూ వాణ్ణి కొట్టలేదు.

బండోడు చివర చూశాడు. "మీ బావంత కాదురా నీది. ఆయనకు ఇంతే ఉన్నప్పుడు ఎవరూ చూడలేదు" అని, వాణ్ణి సంచిలా ఎత్తి భుజాన వేసుకున్నాడు. చువ్వ కాళ్లు కొట్టుకుంటూ వాడి వీపు మీద గుద్దుతూనే ఉన్నాడు.

సినిమాహాలు యజమాని పరుగెత్తుకొచ్చాడు. గోడ సగంలో ఉంది, ఇలా వదిలి పోతే ఎవడి మీద పడుతుందని అరుస్తున్నాడు. కొలిమక్క కొలిమి మీద ఇంత మట్టి పోసి నిప్పు ఆర్పింది. ఆ మొద్దు ఉలిని నడుముకు దోపుకుంది.

"పగులు ఉందని కేక వేశాం" అంది. "అదయ్యాకే మీ గోడ."

సామాన్ల లారీ ఆసుపత్రి దారి పట్టింది. మధ్యలో చువ్వ, చుట్టూ ముఠా. వాడు ఇంకా దూకేద్దామని చూస్తుంటే అక్క వాడి కాలర్ గట్టిగా పట్టుకుని కూర్చుంది.